దూది చెవిన వేసిన మాటలు

"ఆ బొచ్చు నీ ఊపిరితిత్తుల్లోకి పోతుందే! లోపల ఉండలు కట్టి, ఒకరోజు ఊపిరాడక... అమ్మో, నా నోటితో నేను అనలేను" అంది తల్లి గుమ్మంలో నిలబడి. చేతిలో బట్టలు కుక్కిన సంచి.

కూతురు తలెత్తలేదు. చాప మీద కూర్చుని, ఒళ్లో దూదిని వెల్లకిలా వేసుకుని, ఇనుప దువ్వెనతో పొట్ట కింద చిక్కులు తీస్తోంది. దూది ఆ పిల్లి పేరు. జానెడు పొడుగు తెల్ల బొచ్చు, నీలం కళ్లు. ఒంట్లో ఎముకల్లేనట్టు నాలుగు కాళ్లూ గాలికొదిలేసి, మహారాణిలా దువ్వించుకుంటోంది.

"నొప్పా బంగారూ?" అంది కూతురు దాని మొహం నిమురుతూ.

తల్లి కడుపు మండిపోయింది. మోకాలు పట్టేసి మూడు రోజులుగా కుంటుతుంటే తనని ఆ మాట అడిగిందా? ఈ పిల్ల తల తను దువ్వి ఎన్నేళ్లయింది!

"ఇవాళ అటో ఇటో తేలిపోవాలి. ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. మీ పిన్నికి ఫోన్ చేసేశాను."

"పిల్లి మీద కుళ్లేంటమ్మా?"

"కుళ్లా? నాకా? నాలుక్కాళ్ల దాని మీదా?"

"పాపం, గోరు కూడా బయటపెట్టదు."

"మెత్తగా ఉండేవాళ్లే కొంపలు ముంచుతారు. దాని పొగరు చూశావా? పొద్దున గిన్నెల బుట్ట దాని పక్కనే దభేలుమని పడితే కన్నయినా తెరవలేదు. పిలిస్తే పలకదు. నేనంటే అంత లోకువ!"

కూతురు నవ్వాపుకుంది. అది చూసి తల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నవ్వు, నవ్వు! కళ్లద్దాల షాపులో ఓనరు అందరి ముందూ అరిచాడని ఎవరికి చెప్పావు? పిల్లికి. ఆ పని మానేస్తానని? పిల్లికే. నిన్న కొత్తచోట పనిలోకి రమ్మన్నారని? దానికే! అదీ గుసగుసగా కాదు, వీధి చివరిదాకా వినపడేలా. కన్నతల్లినై ఉండి తలుపు చాటున దొంగలా నక్కి వినాల్సిన ఖర్మ నాది!"

అనేశాక నాలిక్కరుచుకుంది.

దువ్వెన ఆగిపోయింది. కూతురు దాని పళ్లలో ఇరుక్కున్న బొచ్చు లాగి, వేళ్ల మధ్య ఉండ చుట్టింది. విప్పింది. మళ్లీ చుట్టింది.

తల్లి సంచి తడుముకుంది. పొమ్మంటుంది. ఖాయంగా పొమ్మనే అంటుంది. సంచిలో బీపీ మాత్రలు పెట్టుకున్నానా లేదా?

కూతురు తలెత్తింది.

"ఎదురుగా చెబితే గుండె పట్టుకుని కూలబడతావని, నువ్వు తలుపు చాటుకొచ్చాకే మొదలుపెట్టేదాన్నమ్మా. దూదికి పుట్టుచెవుడు."