ఒలింపియో మోకాళ్లు

కారు ఇటబిరా దాటి అరగంటైనా కాలేదు, ఒలింపియో మోకాళ్ల గోల మొదలైంది.

“కాస్త ఆపవయ్యా అల్లుడూ. పట్టేశాయి.”

ఆదిల్సన్ కారు పక్కకి తీశాడు. ముసలాయన దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇనుపరాయి లారీలు పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. వెనక సీట్లోంచి కూతురు జులైదే అందుకుంది. ఈ లెక్కన మనం చేరేసరికి సముద్రం ఇంకిపోతుందంది. ముప్ఫై ఏళ్లు గనిలో ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి మెత్తటి సీట్లో కూర్చోడానికి కష్టమొచ్చిందా అంది. జులైదే నోరంటే వాళ్ల వీధిలో కుక్కలకి కూడా భయం.

బ్రెజిల్‌లో మినాస్ రాష్ట్రానికి సముద్రం లేదు. అందుకని జనవరిలో ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మినాస్ వాళ్లంతా సముద్రపు ఊరు గ్వారపరీ మీద పడతారు. ఐదొందల కిలోమీటర్ల దారి, సగం కొండలే. అక్కడ ఒకచోట తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. ఒంటినొప్పులున్న వాళ్లు ఆ వేడి ఇసుక మెడదాకా కప్పుకుని పడుకుంటారు. నొప్పి లాగేస్తుందని నమ్మకం. ఈ కుటుంబం ఇరవై రెండేళ్లుగా ఒక్క జనవరి కూడా వదల్లేదు.

ఇది ఆఖరి జనవరి. సముద్రం చూపించాలనుంటే వచ్చే నెల కార్నివాల్ పండగ లోపే తీసుకెళ్లండని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట పెద్దవాళ్లు ముగ్గురికీ తెలుసు. ఎనిమిదేళ్ల మనవరాలు తైనాకి మాత్రం చెప్పలేదు. ఈసారి చేరలేకపోతే ఇక చేరడమంటూ లేదు.

ఎండ కళ్లలో పడుతోందని ఒలింపియో ముందు సీటు పైనున్న అట్ట దించుకున్నాడు. దానికో చిన్న అద్దం ఉంది. దారంతా ఆ అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఈ వయసులో తాతకి సోకులెక్కువయ్యాయని తైనా కిసుక్కున నవ్వింది. తన నడుముకని ఇంటినుంచి తెచ్చుకున్న రెండు దిండ్లూ ఉక్కపోస్తున్నాయంటూ ఆయన వెనక్కి పడేశాడు.

మోన్లెవాదే దగ్గర మళ్లీ ఆపమన్నాడు. కాఫీ తోటల మలుపుల్లో రెండుసార్లు. ఎడ్లబండి మీద వెళ్లినా ఈపాటికి చేరేవాళ్లమని జులైదే ఆగిన ప్రతిసారీ చెడామడా తిట్టేది. తిట్టి, వెనక్కి వాలి కళ్లు మూసుకునేది. కారు దిగేది మాత్రం కాదు. కోడి వేపుడూ, వేయించిన కర్రపెండలం పిండీ ఉన్న గిన్నె పక్కన పెట్టుకుని, తను దిగితే తైనా మొత్తం ఊడ్చేస్తుందని చెప్పేది.

ఇబతీబాలో పెట్రోలు బంకు దగ్గర దిగిన ఒలింపియో ఎంతకీ రాలేదు. ఆదిల్సన్ వెతుక్కుంటూ వెళ్తే, బంకు వెనక కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. దుమ్ము పడిందన్నాడు. ఆదిల్సన్‌కి కూడా ఏడుపు ఆగలేదు.

“వెనక్కి వెళ్లిపోదామా మావయ్యా? అక్కడ ఏదైనా అయితే మనం ఏం చెయ్యగలం?”

“అయ్యేదుంటే ఇంట్లో మాత్రం అవదా? పోనివ్వు బాబూ. ఆ నీళ్లు ఒక్కసారి కళ్లబడాలి.”

ఇద్దరూ ముఖాలు తుడుచుకుని, తైనాకి ఒక ఐస్‌క్రీమ్ కొనుక్కుని వచ్చారు. ఐస్‌క్రీమ్ కొనడానికి ఇంతసేపా అని జులైదే ఇద్దరినీ కలిపి దులిపేసింది.

చివరి కొండ దిగేముందు ఒలింపియో మళ్లీ ఆపమన్నాడు. ఈసారి జులైదే తిట్టలేదు. చెయ్యి చాపి తండ్రి భుజం మీద వేసింది.

“నాన్నా, నిజంగా అంత నొప్పిగా ఉందా?”

“ఉందమ్మా. తట్టుకోలేకపోతున్నాను.”

ఆయన వెనక్కి తిరగలేదు. జులైదే తండ్రి మెడవైపే చాలాసేపు చూసింది.

“సరే అయితే. ఆగుదాం. నీ కోసమే ఆగుదాం.”

ముప్పావుగంట ఆగారు. ఇంకెంత దూరమని అడగడం తైనా కూడా మానేసింది. కిటికీలోంచి లోయలోని అరటితోటలు చూస్తూ కూర్చుంది. ఆదిల్సన్ మాత్రం రెండుసార్లు దిగి, టైర్లు తన్ని చూసి, మళ్లీ ఎక్కాడు.

గ్వారపరీ చేరేసరికి నాలుగైంది. తీరమంతా గొడుగులే. కొబ్బరినీళ్లమ్మే ఆవిడ వాళ్లని చూడగానే గుర్తుపట్టింది. ఈ ఏడు కూడా కోడిని మోసుకునే దిగారా మినాస్ వాళ్లు అని ఎప్పటిలాగే ఎగతాళి చేసింది. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి పెద్దాయనా, కుర్చీ వెయ్యనా అని అడిగింది. వద్దన్నట్టు ఒలింపియో చెయ్యి ఊపాడు. చెప్పులు విడిచి, అల దగ్గరగా వినబడేంతవరకు నడిచి, ఇసుక వేడి అరిచేత్తో చూసుకుంటూ ఒక చోటు ఎంచుకున్నాడు.

తర్వాత, దారంతా పట్టేశాయని మూలిగిన ఆ రెండు మోకాళ్ల మీదే చప్పున కూర్చుని, అల్లుడు పసిపాపలా ఎత్తుకుని తెస్తున్న, ముప్ఫై ఐదు కిలోలైనా లేని తన కూతురు జులైదే కొలతకి ఇసుకలో గుంత తవ్వసాగాడు.