రెండు ఫ్రీ త్రోలు

"అత్తయ్యా, పొద్దున మా ఆఫీసులో..." అని కోడలు మొదలుపెట్టిందో లేదో, "కూరలో ఉప్పేదీ?" అంటూ అత్తగారు అడ్డుతగిలింది.

చెవులు చిల్లులు పడేలా విజిలు మోగింది. ఊదింది కొడుకు. అతను బాస్కెట్‌బాల్ రెఫరీ. మెడలో విజిలు స్నానానికి కూడా తియ్యడు.

"ఫౌల్! అమ్మా, మాట మధ్యలో అడ్డొచ్చావు. తనకి రెండు ఫ్రీ త్రోలు. అంటే రెండుసార్లు మాట్లాడొచ్చు, మనం పక్కన నిలబడి చూడాలంతే."

తల్లీ కొడుకూ భోజనాల బల్లకి చెరోవైపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గరిటె పట్టుకుని కోడలు మధ్యలో మిగిలింది.

"నేను... అదీ..."

"మొదటిది పోయింది," అన్నాడు రెఫరీ, పెళ్లామన్న పక్షపాతం ఏమాత్రం లేకుండా.

కోడలికి ఒళ్లు మండింది. "అడ్డొచ్చింది ఆవిడ. అందరి ముందూ నిలబడి పరీక్ష రాయాల్సింది నేనా? ఇదెక్కడి న్యాయమండీ?"

రెఫరీ తెల్లబోయాడు. ఇన్నేళ్లలో ఏ ఆటగాడూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. అయినా రెఫరీ రెఫరీయే.

"అది కాదోయ్, అసలు ఆ రూలు ఎందుకు పెట్టారంటే..."

అత్తగారు చటుక్కున విజిలు తాడు అందుకుని, మెడతో సహా కొడుకుని తన దగ్గరికి లాక్కుని, గట్టిగా ఊదింది.

"ఫౌల్! ఈసారి అడ్డొచ్చింది నువ్వు."

తాడు వదలకుండానే, రెండో చేత్తో కోడలికి కుర్చీ జరిపింది.

"నిలబడక్కర్లేదు, కూర్చో అమ్మాయ్. ఆఫీసులో ఏమైందీ?"