ఇటుక రంగు చద్దరు

"నీ చద్దరు నా గుర్రాన్ని ఖరాబు చేసింది మావ్శీ. బయటికొచ్చి చూడు."

పార్వతీబాయి మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసుకునేలోపే నితిన్ చద్దరును ఆమె ఒడిలోకి విసిరాడు. ఇటుక రంగు చద్దరు. దారానికి రంగు వేసిందీ ఆమే, నేసిందీ ఆమే. విసిరిన తీరుకు ఆమెకు ఒళ్లు మండింది.

"నా చద్దరును ఇయ్యాల్టిదాక ఎవ్వరు గిట్ల ఇసిరెయ్యలే. చేతికియ్యనీకి నీకు చెయ్యి రాలేదా?"

"ముందుగాల గుర్రాన్ని చూడు. తర్వాత తిట్టు."

నేతగాళ్ల పేట కుంఠా నాకా సందులో, ఆమె గుమ్మం ముందే టెంపో ఆగి ఉంది. దాని పక్కన తెల్ల గుర్రం. వీపు మీద జీను వేసే చోట రెండు జానల ఎర్రటి మరక. ఎదురింటి అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్లు ఒళ్లోని చాటలు దించి లేచి వచ్చారు.

నితిన్ ఆదివారాల్లో బయటూళ్ల జనాన్ని గుర్రాలెక్కించి రాతి లోయల్లో తిప్పుకొస్తాడు. ఆరు గుర్రాలున్నాయి. వాటి జీన్ల కింద పరచడానికి చద్దర్లన్నీ, పిన్ని వరసతో మావ్శీ అని పిలిచే పార్వతీబాయి దగ్గరే తీసుకున్నాడు.

"నిన్న హైదరాబాద్ నుంచి ఐదుగురు వచ్చిండ్రు. లోయ దిగినం. ఎర్ర రాళ్ల నడుమ తెల్ల గుర్రం మీద ఒకరెన్క ఒకరు ఫోటోలు గుంజుకున్నరు. అంతా మంచిగనే ఉండె. ఎండిన వాగు కాడ జర దమ్ము తీసుకోనీ అని గుర్రానికి జీను విప్పిన. ఒక మేడమ్ ఈ మరక చూసి నెత్తురు కారుతుందని ఏడ్చింది. పుండైన గుర్రం మీద మనుషుల్ని ఎక్కిస్తవా అని అందరు నన్ను పట్టుకున్నరు. ఒక్కరు మళ్ల ఎక్కలే. ఐదు కిలోమీటర్లు ఆ రాళ్లల్ల నడుచుకుంటనే వచ్చిండ్రు. నెత్తురు కాదు, చద్దరు రంగు అంటే ఎవరింటరు?"

"నా రంగు పోదు," అంది పార్వతీబాయి.

"పోకుంటే ఇదేంది మరి? ఆకాశంకెళ్లి పడ్డదా?"

అప్పుడే పురుషోత్తం సేఠ్ స్కూటర్ దిగాడు. పుణెలో పెట్టే చేనేత ప్రదర్శనకు పంపడానికి ఆమె నేసిన చద్దర్ల మూట తీసుకుపోదామని వచ్చాడు. గుర్రాన్ని చూశాడు. మరకను చూశాడు. మూట వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది నీళ్లకు దిగిపోయే కచ్చా రంగు తీరున్నది పార్వతీబాయి. ఈసారికి ఉండనీ. ఈ మాల్ పంపితే అక్కడ నా ఇజ్జత్ పోతది."

"ముప్పై ఏండ్ల సంది నా చేతి మాల్ తీసుకపోతున్నరు సేఠ్. ఇయ్యాల ఒక గుర్రం చెప్తే నమ్ముతరా?"

"మనుషులైతే అబద్ధం ఆడుతరు. గుర్రమెందుకు ఆడతది?"

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పార్వతీబాయి మూట వైపు చూసింది. ఈ మూట పోతే పోనీ. కానీ కచ్చా రంగు అన్న మాట ఒక్కసారి ఈ సందు దాటిందంటే, ఆమె మగ్గం మీద దిగిన బట్టను ఇక ఎవరూ ముట్టుకోరు.

ఆమె లోపలికి వెళ్లి బకెట్ నిండా వేడినీళ్లు తెచ్చింది. గుప్పెడు సోడా వేసింది. గుర్రం మీద పరిచిన ఆ చద్దరునే అందరి ముందు ముంచి, పిసికి, తెల్ల టవల్‌లో చుట్టి పిండింది. ఏ రంగు నిలుస్తుందో, ఏది దిగుతుందో తేల్చడానికి ఆ పేటలో అందరూ చేసే పనే అది. టవల్ తెల్లగానే ఉంది. బకెట్లో నీళ్లు మాత్రం పలుచటి మజ్జిగలా అయ్యాయి.

"ఎరుపు ఏడున్నదో చూపియ్యిండ్రి," అందామె.

సేఠ్ వంగి చూశాడు. "ఎరుపైతే లేదు. ఈ తెల్లగ ఏంది?"

"గుర్రం చెమట. ఉప్పు," అన్నాడు నితిన్. "నీ బకెట్ల ముంచుడు వేరే, ఎండల రెండు గంటలు సవారీ చేసుడు వేరే. మరక కండ్ల ముందట ఉండంగ టవల్ చూపిస్తవేంది మావ్శీ?"

"సరే. నా రంగే అంటివి గదా. నా చేతితోని అంటింది నా చేతితోనే తీస్త."

ఆమె చన్నీళ్ల బిందె ఎత్తుకుని గుర్రం దగ్గరికి నడిచింది. నితిన్ అడ్డం వచ్చాడు.

"నీళ్లు వద్దు. దీనికి పడవట. పెండ్లి ఊరేగింపులల్ల తిరిగిన గుర్రమిది, నేను కొని పది దినాలు కాలే. ఎండలు ముదిరేదాక కడగొద్దని అమ్మినాయన మరీ మరీ చెప్పిండు."

"ఇంతసేపు నలుగుర్ల నన్ను కడిగినవ్. నీ గుర్రాన్ని కడిగితే ఏమైతది? జరుగు."

అతను జరిగాడు. పార్వతీబాయి టవల్ తడిపి మరక అంచున పెట్టి, కసి తీరా రుద్దింది. మరక పోలేదు. రెండు జానలున్నది మూడు జానలయింది. ఆమె పళ్లు బిగించి మళ్లీ రుద్దింది. ఎరుపు పక్కటెముకల మీదికి దిగింది. నీళ్లు గుమ్మరించి ఇంకా రుద్దింది. మెడ దాకా పాకింది. ఆడవాళ్లు ఇంకా దగ్గరికి జరిగారు. నితిన్ చెప్పుల కిందికి పారిన నీళ్లు మాత్రం ఎర్రగా లేవు, బకెట్లో లాగే తెల్లగా ఉన్నాయి.

పార్వతీబాయి చెయ్యి ఆపింది. గుర్రాన్ని తల నుంచి తోక దాకా ఒకసారి చూసి, తడి టవల్ నితిన్ చేతిలో పెట్టింది.

"నా చద్దరుది పక్కా రంగే బిడ్డా. నీ గుర్రందే కచ్చా."