పచ్చీసుకు నాలుగో మనిషి

"ఇయ్యాల నాలుగో మనిషి దొరకకుంటే రేపటిసంది మేమిద్దరం శ్యామలమ్మ ఇంటికి టీవీ సూడవోతం," అని పెంటవ్వ తెగేసి చెప్పింది. పక్కనే ఉన్న మెహరున్నిసా ఔనన్నట్టు తలూపింది.

బీడీలు చుట్టడం ముగించి, మూడింటికి అరుగు మీద పచ్చీసు గుడ్డ పరిచి గవ్వలు వేస్తేనే వెంకటవ్వకు రోజు గడిచినట్టు. ఇద్దరిద్దరు ఒక జోడీ, నలుగురుంటేనే ఆట. నాలుగో మనిషి భీమవ్వ, బిడ్డ కాన్పుకని భీమ్‌గల్ పోయి పది రోజులైంది. ఆ పది రోజులూ వెంకటవ్వ కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. టీవీ మరిగినవాళ్లు మళ్లీ గవ్వలు పడతారా?

"నేను కూసుంట అత్తమ్మా," అంటూ కోడలు గంగామణి లోపలి నుంచి వచ్చింది. పెళ్లయి మెండోర నుంచి వచ్చి ఆర్నెల్లు. ఆట నేర్పమని అడగడం ఇది నాలుగోసారి.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నీకెందుకు బిడ్డా గీ ఆట," అంది వెంకటవ్వ. "నేర్సెతందుకే ఏడాది పడ్తది. ఒక్క కాయ తప్పు జరిపినవంటే జోడీ మనిషితోని తిట్లు తినాలె. నిరుడు ఆశన్న పెండ్లాం నా జోడీ కూసోని ఏడ్సుకుంట లేసిపోయింది."

అందులో అబద్ధమేమీ లేదు. ఈ ఆటంత ఆట లోకంలో లేదని గల్లీ అంతా పొగుడుకుంటూ తిరిగే వెంకటవ్వే, ఎవరైనా నేర్పమంటే నూరు వంకలు చెబుతుంది. కోడలు అడిగితే నూటొకటి.

"తిడితె తిట్టు. పడ్త."

"మరి నీ బీడీలు?"

"వెయ్యి సుట్టి కట్టలు గట్టిన."

పెంటవ్వ అప్పుడే మోకాళ్ల మీద చేతులు పెట్టి లేవబోతోంది. వెంకటవ్వ చేసేది లేక కోడలిని తన ఎదురుగా జోడీగా కూర్చోబెట్టుకుంది.

ఆట మొదలైంది. సగం ఆట అయ్యాక గంగామణికి పచ్చీస్, ఇరవై అయిదు గడుల పందెం, పడింది. సంబరంలో అత్త కాయకు కాపుగా ఉన్న కాయను ముందుకు జరిపేసింది. పండబోయే అత్త కాయను పెంటవ్వ చంపేసింది.

వెంకటవ్వ తిట్టలేదు. పెంటవ్వ ఎగతాళి చేయలేదు. మెహరున్నిసా పాన్ నములుతూ గోడ వైపు చూస్తోంది. గవ్వల చప్పుడు తప్ప అరుగు మీద ఇంకో చప్పుడు లేదు.

పది రోజులు ఏ ఆట కోసం వెంకటవ్వ ప్రాణం కొట్టుకుందో ఆ ఆట ముందే ఉంది, రుచి మాత్రం లేదు. నోటిదాకా ఏదో వస్తుంది, కోడలి ముఖం చూసి మింగేస్తుంది. కూర్చున్నచోటే ఇటు జరిగింది, అటు జరిగింది. చీర కొంగు ముడేసింది, విప్పింది.

"నాకు ఇంట్ల పనున్నది," అని పెంటవ్వ లేచి నిలబడింది.

"నేను గూడ పోతనే వెంకటవ్వా," అంది మెహరున్నిసా. "గా టీవీయే నయం."

వెంకటవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఈ అరుగు మీదికి ఎవరూ రారు.

గంగామణి చప్పున పెంటవ్వ చెయ్యి పట్టుకుంది.

"జర కూసోండ్రి పెద్దమ్మా. నేనున్ననని ముచ్చట్లు బందు వెట్టకుండ్రి. ఆట ఆగిన దినం మా అత్తమ్మ మీకు నా తప్పులన్ని జెప్పుకుంట పప్పుచారు దాంక అచ్చింది. తలుపు సాటు నుంచి గంతవరకే ఇన్న. అటెన్క ఏమన్నదో తెల్వక పది దినాల సంది నాకు నిద్ర వడ్తలేదు."