ఇనుముకి కన్నీళ్లు

“కొత్త డైరెక్టరు చెడగొట్టాడు. ఇనుముకి కన్నీళ్లేంటి?” అంటూ కొట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది వదిన.

వాచీలు బాగుచేసే అతను కంటికున్న భూతద్దం తీయకుండానే తలెత్తాడు. రోబో సినిమా ఏ భాగం వచ్చినా ఆ స్టూలు మీద కూర్చుని తనతో వాదించింది ఈవిడ కాదు, ఈవిడ భర్త. మొన్న చలికాలంలో ఆయన పోయాడు.

“నువ్వు చూశావా వదినా?”

“ఒక్కదాన్నే వెళ్లి చూశా. పాత డైరెక్టరైతే రోబో చేత విలన్ని నాలుగు తన్నించేవాడు. ఇలా ఏడిపించేవాడా?”

అచ్చం అన్నయ్య వాదించినట్టే. ఇంటికెళ్లాక కూడా ఇదే గోల పెట్టేవాడు కాబోలు. అతనికి మాత్రం ఆ ఏడుపు సీనే నచ్చింది. అయినా ఆవిడతో కాదనడానికి నోరు రాలేదు.

“నిజమే వదినా. చెడగొట్టాడు.”

ఆవిడ ముఖం చిన్నబోయింది. సంచీ తీసుకుని లేచింది.

“నువ్వూ అంతేనా? ఆయన పోయిన దగ్గర్నుంచి నేనేమన్నా అందరూ సరే అంటున్నారు. కూరలో ఉప్పెక్కువైనా బాగుందంటున్నారు. మీ అన్నయ్యైతే కంచం ముందే పేచీ పెట్టేవారు. నీతోనైనా కాసేపు పోట్లాడొచ్చని ఆ సినిమా చూసొచ్చాను. నాకు సగం అర్థం కూడా కాలేదు.”

అతను భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

“నీకు అర్థం కాకపోతే డైరెక్టరేం చేస్తాడు?”

వదిన గుమ్మంలో ఆగింది. “ఏమన్నావ్?”

“నీకు సినిమా చూడ్డం రాదన్నాను. అన్నయ్యకీ రాదు.”

“ఆయన్ని అన్నావంటే ఊరుకోను,” అంటూ ఆవిడ వెనక్కొచ్చి, స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.