పాత బేకరీ నుంచి వంద మీటర్లు

మొదటి టమాటా నిదియా హోటల్ బోర్డుకు తగిలింది. రెండోది ఆమె భుజానికి.

"కుక్కల్ని చంపిన చేత్తోనే మనుషులకు అన్నం పెడుతున్నావా? బయటికి రా!"

గేటు బయట నలభై మంది. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అన్ని ఫోన్లలోనూ నిదియా. ముప్పై ఏళ్ళుగా ఈ వేళకు అన్నం, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన అరటిపండు వడ్డించే చెయ్యి ఇప్పుడు గేటు గొళ్ళెం పట్టుకుని ఉంది. లోపల తింటున్న ముగ్గురూ ప్లేట్లు వదిలేసి వెనక గుమ్మంలోంచి జారుకున్నారు. వాళ్ళలో ఒకడు పోతూ పోతూ వీడియో కూడా తీశాడు.

అంతా నిన్నటి పోస్టు పుణ్యం. ‘ఊరి కన్ను’ అన్న పేరుతో పేట గ్రూపులో పడింది. పైన చచ్చి పడున్న కుక్క ఫోటో. కింద రాత: "గుమ్మం దగ్గర తిరిగే కుక్కలకు ఇక్కడ విషం కలిపిన మాంసం పెడుతున్నారు. ఇలాంటి వంటింట్లో మీరు తింటారా? పాత బేకరీ నుంచి వంద మీటర్లు దక్షిణం, యాభై మీటర్లు తూర్పు. చిన్న హోటల్."

పేరు లేదు. అవసరమూ లేదు. కోస్టా రికాలో ఇంటి నంబర్లు ఎవరు చూస్తారు? ఒక గుర్తు చెప్పి, అక్కణ్ణుంచి ఎన్ని మీటర్లో చెబితే చాలు, ఉత్తరమైనా చుట్టమైనా గుమ్మంలోకి వచ్చేస్తుంది. ఇప్పుడు రాళ్ళు కూడా వస్తున్నాయి.

పొద్దున కాఫీ తాగుతూ ఆ పోస్టు కింద తిట్లన్నీ నిదియా కూడా చదివింది. నవ్వుకుంది కూడా. తర్వాత పొయ్యి వెలిగించి, వంటగది చప్పుడులోనూ ఆర్డర్లు వినబడేలా ఫోను శబ్దం పెంచి ఏప్రన్ జేబులో పడేసుకుంది. ఫోనులో చదివే తిట్లు కాలక్షేపంగానే ఉంటాయి. అవే గేటు ముందుకొచ్చి అరిస్తే అలా ఉండవు.

"మీరు తప్పు ఇంటికొచ్చారు!" అని అరిచింది. "పాత బేకరీ అంటే దోన్ బెలార్మినో బేకరీ. చర్చి వెనక ఉండేది. అక్కణ్ణుంచి కొలవాలి!"

ముందు నిలబడ్డ పిల్ల పేరు యెసెనియా. జంతువుల్ని కాపాడే సంఘమట. ఫోను దించకుండానే నవ్వింది.

"చర్చి వెనక ఉన్నది టైర్ల కొట్టు కదా?"

"ఇప్పుడు టైర్ల కొట్టు. బేకరీ కాలిపోయి పాతికేళ్ళయింది."

"పాతికేళ్ళ కిందట నేను పుట్టనే లేదు పెద్దమ్మా. మాకు పాత బేకరీ అంటే మొన్నామధ్య మూసేసిందే. అక్కణ్ణుంచి వంద దక్షిణం, యాభై తూర్పు. సరిగ్గా నీ గుమ్మం. కథలు చెప్పకు!"

ఇంకో రాయి వచ్చి అద్దాల బీరువాకు తగిలింది.

"ఇంతకీ ఆ బెలార్మినో బేకరీ నుంచి కొలిస్తే ఎవరిల్లు వస్తుంది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నాదే!" అంటూ లిహియా గుంపును తోసుకుని వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె హోటల్ తెరిచి మూడు నెలలు. నిదియా దగ్గర తినేవాళ్ళలో సగం మంది ఇప్పుడు అక్కడే తింటున్నారు. నిదియా ఆమెతో మాటలు మానేసి కూడా మూడు నెలలే.

"నా ఇల్లూ వెతుక్కోండి, నా గిన్నెలూ వెతుక్కోండి. ఈవిడ జోలికి మాత్రం రాకండి. వీధి కుక్కలకు రోజూ ఎముకలు వేసే మనిషి! నాకు వంట నేర్పిందే ఈవిడ."

నిదియాకు సిగ్గేసింది. లిహియా మొహంలోకి చూడలేకపోయింది.

"అయితే పోస్టు అబద్ధమంటావా?" అంది యెసెనియా.

"ఎవరో మొహం చూపించలేనివాళ్ళు రాస్తే ఊరంతా నమ్మేశారు. ఆ రాసినవాళ్ళకే ఫోన్ చెయ్యి. ఆ గ్రూపులోంచే చెయ్యొచ్చుగా? ఏ బేకరీనో, ఎవరి హోటలో, వాళ్ళ నోటితోనే చెప్పమను. అందరం విందాం."

"వద్దు లిహియా." నిదియా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఎందుకొచ్చిన గొడవ. లోపలికి పోదాం పద."

"ఎందుకు పోవాలక్కా? నువ్వేం చేశావని?"

గుంపుకు ఈ మాట నచ్చింది. తమాషా ఇంకాసేపు సాగుతుంది కదా. యెసెనియా తన ఫోనులో వీడియో ఆపకుండానే, పక్కవాడి ఫోను లాక్కుని ‘ఊరి కన్ను’ పేరు మీద నొక్కి పైకెత్తి పట్టుకుంది. అరుపులు ఆగిపోయాయి.

నిదియా ఏప్రన్ జేబులో ఫోను మోగింది.