రెండు చీటీలు

"రేపు షాపు తెరవాలా, ముయ్యాలా? ఇప్పుడే తేలిపోవాల," అంది జగ్గమ్మ, మధ్యాహ్నం కస్టమర్లు పలచబడగానే గల్లాపెట్టె మీద చేత్తో కొట్టి.

చీర మడతపెడుతున్న ఈశ్వరి చేతులు ఆగిపోయాయి. రేపు దసరా. షాపు ఉంటుందా, ఉండదా? పొద్దుట్నుంచీ ఆమెకు లోకంలో ఇంకో ప్రశ్న లేదు. అన్నం కూడా సయించక కేరేజీ విప్పకుండానే పక్కన పెట్టేసింది.

శ్రీకాకుళం బజారులో జగ్గమ్మ బట్టల షాపు పెద్దదేమీ కాదు. పనిచేసేది ముగ్గురు: గోపి, రేఖ, ఈశ్వరి. జగ్గమ్మ నోటికి జడిసి సూరత్ సరుకు వాళ్ళే ధర తగ్గిస్తారు. ఇక ఈ ముగ్గురూ ఎంత?

"ఎదురోడు తెరుస్తన్నాడు," అంది జగ్గమ్మ. "ఆకరి నిమిషంలో బట్టలు కొనుక్కునీవోలు శానామంది ఉంటారు. మనం మూసుకుంటే అందరూ ఆడి షాపుకే పోతారు."

"ఏడాదికో పండగమ్మా," అని గొణిగింది రేఖ. "మా పిల్లలు నన్ను పగటేల సూసి ఎన్నాళ్ళయినాదో."

"నీ సంగతి సరే, ఈశ్వరక్క మొకం సూడు," అన్నాడు గోపి. "ఎలా పాలిపోనాదో. దసరాకి బోట్లకి పూజ సేసి ఒడ్డునే ఉంచీస్తారు కదమ్మా. ఎర్రన్న బావ రోజంతా ఇంటికాడే ఉంటాడు. ఈవిడేమో ఇక్కడ సీరలు మడతెట్టుకుంటా కూకోవాలంటే కట్టం కాదేటి?"

రేఖ కిసుక్కున నవ్వింది. ఈశ్వరి తలెత్తలేదు. మణికట్టు దాకా ఉన్న రవిక చేతిని ఇంకాస్త కిందికి లాక్కుంది. ఇంత ఉక్కలో ఆ నిండు చేతుల రవిక ఏమిటని రేఖ ఎన్నిసార్లు అడిగినా, ఫ్యాను గాలి తనకు పడదనే చెబుతుంది.

"దీనికి సెలవిస్తే మళ్ళీ వస్తాదని నమ్మకమేటి?" అంది జగ్గమ్మ. "ఉగాదికి ఇచ్చినాను. నాలుగు రోజులు రానేదు. ఐదో రోజు దవడ ఉబ్బించుకుని వచ్చి, పన్ను వాసినాదంది."

"బెల్లం ఎక్కువ తినీసుంటాది," అన్నాడు గోపి.

అందరూ నవ్వారు. ఈశ్వరి కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

అంతలో ఆమె ఫోను మోగింది. చీరల అరల వెనక్కి వెళ్ళి ఎత్తింది.

"తేలినాదేటి?" అన్నాడు ఎర్రన్న. గొంతు మెత్తగానే ఉంది.

"ఇంకా నేదు."

"రేపు నువ్వు ఇంటికాడుండాల. ఇద్దరమే తీరిగ్గా కూకుని మాటాడుకుందుం. సెలవివ్వకపోతే సెప్పు, నానొచ్చి మీ షాపు అమ్మగార్ని అడుగుతాను."

"వద్దు, వద్దు. నానే అడుగుతాను."

అరచేతి చెమటకి ఫోను జారిపోతోంది. పైట చెంగుతో తుడిచి, బొడ్లో దోపుకుని బయటికి వచ్చింది.

"ఎవల మాటా వద్దు. అమ్మోరినే అడుగుదుం," అంటోంది జగ్గమ్మ.

తేలని విషయం ఏదొచ్చినా ఆవిడ పద్ధతి అదే. ఏ సరుకు దింపాలన్నా, మేనకోడలికి వచ్చిన రెండు సంబంధాల్లో ఏది ఖాయం చేయాలన్నా దుర్గమ్మ పటం ముందు చీటీలు వేస్తుంది. వచ్చిన చీటీకి ఇక తిరుగులేదు.

"ఒరే గోపీ, ఒకదాన్లో తెరవాల అని రాయి, ఒకదాన్లో సెలవని రాయి."

గోపి బిల్లు కాగితం చింపి, అటు తిరిగి రాసి, మడిచి కుంకం గిన్నెలో వేశాడు.

"ఈశ్వరక్క సేత్తో తీయించండమ్మా. ఇంత బయపడతన్నాది, అమ్మోరు కనికరించకపోదు."

ఈశ్వరి కళ్ళు మూసుకుంది. తల్లీ, నువ్వయినా నా మొర విను, అని లోలోపలే దండం పెట్టుకుంది. గిన్నెలో ఆమె వేళ్ళు ఒక చీటీని పట్టుకుని వదిలేసి, రెండోదాన్ని పట్టుకున్నాయి.

జగ్గమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"సెలవు."

రేఖ చప్పట్లు కొట్టింది. ఈశ్వరి స్టూలు మీద కూలబడింది. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారిపోయాయి.

"సెలవొచ్చినాది కదే పిచ్చిదానా, ఇంకా ఏడుస్తావేటి?" అని జగ్గమ్మ కూడా నవ్వేసింది.

గోపి మంచినీళ్ళ సీసా అందిస్తూ చెవిలో చెప్పాడు. "నీ బాద సూడలేకే అక్కా. రెండు సీటీల్లోనూ సెలవే రాసీసినాను."

"ఎంత పని సేసినావురా," అంది ఈశ్వరి.

గోపి దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

పండగ ముందురోజు కావడంతో బేరం సాగి సాగి రాత్రి ఎనిమిదింటికి ఆగింది. జగ్గమ్మ ముగ్గురికీ తలో మిఠాయి పొట్లం ఇచ్చింది. ఈశ్వరికి మాత్రం ఎర్రన్న కోసమని ఒక చొక్కా కూడా ఇచ్చింది. రేఖ ఆటో ఎక్కింది. గోపి ఈల వేసుకుంటూ సైకిలు తీశాడు.

జగ్గమ్మ గుమ్మం బయట నిలబడి షట్టర్ సగం దించింది. తాళంకప్ప చేతిలో పట్టుకుని లోపలికి వంగి చూసింది. చొక్కా పొట్లం కౌంటరు మీదే ఉంది. ఈశ్వరి దాని పక్కన, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. బొడ్లో ఫోను మోగుతోంది. తీయడం లేదు.

"కళింగపట్నం బస్సు ఎల్లిపోతాదే. మీ ఆయన ఎదురుసూస్తంటాడు. బయటికి రావేటి?"

"నన్ను లోపలుంచి తాళమెయ్యండమ్మా," అంది ఈశ్వరి.